బావిలో పడవలసిన నాణెం

గత నెలలో ఒక ఆదివారం మా ఆపా ఇంటికి భోజనానికి వెళ్ళాము. దస్తర్‌ఖాన్ ఎత్తివేసిన తరువాత మేనల్లుడు మమ్మల్ని తన గదిలోకి పిలిచాడు. ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదువుతున్న పిల్లవాడు. చురుకైనవాడు, ఫజ్ర్‌కు ఎవరూ లేపకుండానే లేచేవాడు, పెద్దల ముందు గొంతు పెంచనివాడు. బల్ల మీద కంప్యూటర్ తెరలో ఏదో ఆట ఆగి ఉంది.

“మామూ, ఈ పొద్దు నేను చేసిన బేరం వింటే నానాజాన్ కూడా మెచ్చుకునేవారు” అన్నాడు.

వాడి నానా, అంటే మా తండ్రిగారు, జీవితమంతా బట్టల దుకాణం నడిపిన మనిషి. ఆయన పేరు వినబడేసరికి మేము కుర్చీ లాక్కొని కూర్చున్నాము.

వాడు చెప్పిన సంగతి ఇది. ఆటలోకి కొత్తగా వచ్చిన ఒక అపరిచితుడికి ‘బెర్’ అనే పేరుగల చిన్న రాయి దొరికింది. దాని విలువ అతనికి తెలియదు, మావాడికి తెలుసు. మావాడు తన దగ్గరున్న ఒక ఉంగరాన్ని చూపించి, “ఈ ఆటలోకెల్లా పేరుమోసిన ఉంగరం ఇదే, ఒకప్పుడు అందరూ దీనితోనే కొనేవారు, అమ్మేవారు” అని రాశాడు. అపరిచితుడు సంతోషంగా రాయిని ఇచ్చి ఉంగరాన్ని పుచ్చుకున్నాడు, పైగా కృతజ్ఞతలు చెప్పి వెళ్ళాడు. నేటి ధరల ప్రకారం ఆ ఒక్క రాయికి అటువంటి ఉంగరాలు అనేకం వస్తాయట.

“నువ్వు అతనికి రాసిన దానిలో అబద్ధం ఉందా బేటా?” అని అడిగాము.

“ఒక్క ముక్క కూడా లేదు మామూ. గొప్పతనమంతా అందులోనే ఉంది” అన్నాడు నవ్వుతూ.

వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆ ఉంగరం ఏమిటో, ఆ రాయి ఏమిటో తెలియకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదనిపించింది. అందుచేత ఆ తరువాత రెండు వారాలపాటు వాడినే గురువుగా పెట్టుకొని ఆ ఉంగరం కథ నేర్చుకున్నాము. నేర్చుకున్నకొద్దీ, ఇది ఒక్క మేనల్లుడి విషయంగా తోచలేదు. మన ఇళ్ళలో ఎందరో పిల్లలు ఇటువంటి బజారులలో ప్రతిరోజూ బేరాలు చేస్తున్నారు. ఆ బజారు ఎలా ఉంటుందో తల్లిదండ్రులకు తెలియదు. అందుకే ఈ నెల ఈ శీర్షికను ఆ ఉంగరానికే కేటాయిస్తున్నాము.

ఆట సంగతి

ఆట పేరు ‘డయాబ్లో 2’. అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ దీనిని 2000 జూన్ చివరలో విడుదల చేసింది. మరుసటి సంవత్సరం దానికి అనుబంధ భాగం వచ్చింది. 2021 సెప్టెంబరులో అదే ఆటను కొత్త బొమ్మలతో, ‘రిసరెక్టెడ్’ అనే పేరుతో మళ్ళీ తెచ్చారు. మా మేనల్లుడు ఆడుతున్నది ఈ కొత్త రూపమే. ఆటగాడు ఒక యోధుడి పాత్రనో, మంత్రగత్తె పాత్రనో ధరించి, నేలమాళిగలలో రాక్షసులతో పోరాడుతూ, వారు విడిచిన ఆయుధాలు, కవచాలు, ఆభరణాలు ఏరుకుంటూ బలం పెంచుకుంటాడు. బ్యాటిల్‌నెట్ అనే సేవ ద్వారా దేశదేశాల ఆటగాళ్ళు ఒకరినొకరు కలుసుకుంటారు, కలిసి పోరాడుతారు, వస్తువులు మార్చుకుంటారు.

ఒక విషయం ముందుగానే చెప్పడం మా బాధ్యత. ‘డయాబ్లో’ అనే మాటకు స్పానిష్ భాషలో షైతాను అని అర్థం. ఆటనిండా రక్తపాతమూ, మంత్రతంత్రాలూ ఉన్నాయి. అమెరికాలో దీని పెట్టె మీద 17 ఏళ్ళు నిండినవారికి మాత్రమే తగినదన్న ముద్ర ఉంటుంది. ఈ ఆటను ఇంటికి తెచ్చుకోమని మేము ఎవరికీ చెప్పడం లేదు. అయితే ఆ లోకంలో మనుషులు తమంతట తాము కట్టుకున్న బజారు మాత్రం మనకు పాఠం చెప్పేదిగా ఉంది.

చెల్లని బంగారం

ఆటలో బంగారు నాణేలు ఉన్నాయి. రాక్షసుడు పడిపోతే నాణేలు రాలుతాయి. ఊరిలోని అంగళ్ళలో వాటితో మందులు కొనవచ్చు, విరిగిన కత్తిని బాగు చేయించవచ్చు. మరి ఆటగాళ్ళు ఒకరితో ఒకరు వ్యాపారం చేసేటప్పుడు ఆ బంగారాన్ని ఎందుకు వాడలేదు?

మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, అది అతిగా దొరికేది. ఎంత ఖర్చు చేసినా మళ్ళీ వచ్చి పడే నాణేనికి ఎవరూ మంచి సరుకు ఇవ్వరు. రెండవది, దానిని దాచుకొనే వీలు తక్కువ. పాత్ర ఎన్నో స్థాయిలో ఉంటే అన్ని పదివేల నాణేలకు మించి మోయలేదు. అత్యున్నతమైన 99వ స్థాయికి చేరినవాడు కూడా 9,90,000 కంటే ఎక్కువ వెంట తీసుకుపోలేడు. పెట్టెలో దాచుకోగలిగినది 25 లక్షలు. పెద్ద బేరానికి ఇది ఏ మూలకూ చాలదు. మూడవది, పాత్ర చనిపోయినప్పుడల్లా కొంత బంగారం పోతుంది.

ఇక మిగిలిన బంగారాన్ని చాలామంది దేనికి వాడేవారో తెలిస్తే మన పాఠకులు నొచ్చుకుంటారు. ఆటలోని కొందరు వర్తకుల దగ్గర వస్తువు గుణం తెలియకుండానే సొమ్ము కట్టి కొనే ఏర్పాటు ఉంది. దాని పేరే జూదం. పేరు మార్చే ప్రయత్నం కూడా చేయలేదు. ఒక అపురూపమైన ఉంగరం తగులుతుందేమోనన్న ఆశతో సంచులకొద్దీ బంగారాన్ని ఆ వర్తకుల ముందు కుమ్మరించేవారు. వాళ్ళు ఆశపడిన ఆ ఉంగరమే మన కథానాయకుడు.

ఉంగరం నాణెమైన వైనం

దాని పేరు ‘స్టోన్ ఆఫ్ జోర్డాన్’. ఆటగాళ్ళు ఆంగ్ల పొడి అక్షరాలు కలిపి ‘సోజ్’ అంటారు. ధరించినవారి విద్యలన్నిటికీ ఒక్కొక్క మెట్టు పెంచుతుంది, మంత్రశక్తిని పెంచుతుంది. 29వ స్థాయికి చేరిన ఏ పాత్ర అయినా ధరించవచ్చు. దొరకడం అరుదు.

ఇంతకంటే గొప్ప వస్తువులు ఆటలో లేకపోలేదు. మరి ఇదే ఎందుకు నాణెమైంది? మొదటి సంగతి, అన్ని సోజ్‌లూ ఒక్కలాగే ఉంటాయి. ఆటలోని చాలా వస్తువులు ఒకే పేరుతో ఉన్నా వాటి బలాలలో హెచ్చుతగ్గులు ఉంటాయి. నాదాని కంటే నీది తక్కువ అని గంటసేపు వాదించుకోవచ్చు. సోజ్ విషయంలో ఆ వాదనకు చోటు లేదు. రెండవది, అది ఆటగాడి సంచిలో ఒకే ఒక్క గడి స్థలం తీసుకుంటుంది. సంచిలో గడులు 40. ఒక పెద్ద కవచం ఆరు గడులు మింగితే, అదే చోటులో ఆరు సోజ్‌లు పెట్టుకోవచ్చు. మూడవది, అది తుప్పు పట్టదు, పాత్ర చనిపోయినా బంగారంలా కొంత కొంతగా కరిగిపోదు. నాలుగవది, ఏ పాత్ర వేసేవాడికైనా అది పనికివస్తుంది కనుక వద్దనేవాడు ఉండడు.

ఒక సోజ్‌కు తూగని చిన్న సరుకుకు, మచ్చలేని రత్నాలు చిల్లరగా చెల్లేవి. ఈ ఏర్పాటును కంపెనీ చేయలేదు, ఏ సర్కారూ ముద్ర వేయలేదు. ఒకరి ముఖం ఒకరు ఎరుగని లక్షలమంది, ‘నేను తీసుకుంటే రేపు ఇంకొకరు నా దగ్గర తీసుకుంటారు’ అన్న ఒక్క భరోసాతో దానిని నాణెంగా చేసుకున్నారు.

ఇది వింతగా తోచవచ్చు. కానీ మన తెలుగులో ‘చిల్లిగవ్వ లేదు’ అన్న మాట ఎక్కడ నుండి వచ్చింది? సముద్రపు గవ్వ మన దేశంలో ఒకప్పుడు చిల్లరగా చెల్లింది. 14వ శతాబ్దంలో మాల్దీవులలో కొంతకాలం ఖాజీగా పనిచేసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, అక్కడి ప్రజలు గవ్వలతోనే క్రయవిక్రయాలు చేయడాన్ని, వాటిని బెంగాలుకు పంపి బియ్యం తెచ్చుకోవడాన్ని తన యాత్రాగ్రంథంలో నమోదు చేశాడు. గవ్వను ఎవరూ తినరు, కట్టుకోరు. అది చిన్నది, చెడిపోనిది, ఒకదానినొకటి పోలినది, అందరూ ఒప్పుకున్నది. సోజ్ కథ కూడా అదే.

నకిలీలు

నాణెం ఉన్న చోటికి నకిలీ నాణెం రాక మానదు. ఆట నడిచే యంత్రాలలోని లోపాలను కనిపెట్టి, కొందరు ఒక వస్తువును రెండుగా, రెండింటిని నాలుగుగా చేసే ఉపాయాలు కనుగొన్నారు. అన్నిటికంటే ముందు దేనికి నకలు తీస్తారు? అందరూ కళ్ళు మూసుకొని తీసుకొనేదానికే. బజారు సోజ్‌లతో నిండిపోయింది. రోజుల తరబడి కష్టపడి ఒక ఉంగరం సంపాదించినవాడి శ్రమ, ఒక్క క్షణంలో వంద ఉంగరాలు సృష్టించినవాడి ముందు నీరుగారిపోయింది. నిన్న ఒక్క సోజ్‌కు వచ్చిన సరుకు నేడు పదింటికి కూడా రాలేదు. ఉంగరాలు దాచడానికే కొందరు అదనపు పాత్రలు సృష్టించుకున్నారు. పోరాటమెరుగక బరువులు మాత్రమే మోసే ఆ పాత్రలకు కంచరగాడిదలనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు.

ఇదంతా తెర మీది ముచ్చటేనని కొట్టివేయలేము. అప్పట్లో ఈబే వేలంశాలలో ఈ ఉంగరాలు డాలర్లకు అమ్ముడయ్యేవి. 2007 జనవరిలో గానీ ఈబే ఇటువంటి ఆట వస్తువుల అమ్మకాన్ని ఆపలేదు. నకలు తీసినవాడు నిజమైన సొమ్ము జేబులో వేసుకున్నాడు.

నకిలీల గురించి మావాడు చెప్పిన ఒక సంగతి మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. ప్రతి వస్తువుకూ లోపల కంటికి కనబడని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. నకలుకు కూడా అదే సంఖ్య ఉంటుంది. దాని ఆధారంగా కంపెనీ నకళ్ళను ఏరి తుడిచివేయడం మొదలుపెట్టింది. అయితే తుడిచివేత జరిగే నాటికి ఆ ఉంగరం మొదటి మోసగాడి దగ్గర ఉండదు. ఎన్నో చేతులు మారి, మంచి కవచమొకటి ఇచ్చి నిజాయితీగా కొనుక్కున్న ఎవరో అమాయకుడి పెట్టెలో ఉంటుంది. పొద్దున్న పెట్టె తెరిచి చూస్తే ఉంగరం మాయం. మోసం ఒకడిది, నష్టం మరొకడిది.

ఇమామ్ గజాలీ చెప్పిన బావి

ఈ మాట విన్నప్పుడు మాకు ఇమామ్ గజాలీ (రహ్మలై) గుర్తుకు వచ్చారు. క్రీస్తుశకం 1111లో పరమపదించిన ఆ మహనీయుడు ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో సంపాదన మర్యాదలను వివరిస్తూ, ఖోటా దిర్హము గురించి ప్రత్యేకంగా రాశారు. ఒక ఖోటా దిర్హమును చెలామణీ చేయడం వంద దిర్హములు దొంగిలించడం కంటే చెడ్డదన్న ఒక పెద్దమనిషి అభిప్రాయాన్ని ఉటంకించి, కారణం కూడా చెప్పారు. దొంగతనం జరిగిన చోటనే ముగుస్తుంది. ఖోటా నాణెం మాత్రం చేతులు మారుతూ పోతుంది. దానిని మొదట విడిచినవాడు మరణించినా, ఆ నాణెం నశించేవరకు దానివల్ల కలిగే ప్రతి నష్టంలోనూ అతనికి పాపభారం చేరుతూనే ఉంటుంది.

మరి తెలియక ఖోటా నాణెం చేతికి వచ్చినవాడు ఏమి చేయాలి? ‘నాకు ఎవరో అంటగట్టారు, నేను ఇంకొకరికి అంటగడతాను’ అనుకోవడం సహజం. ఇమామ్‌గారు అందుకు ఒప్పుకోలేదు. దానిని ఎవరి చేయీ అందని బావిలో పారవేయాలన్నారు. నష్టం తన దగ్గరే ఆగిపోవాలన్నమాట.

వింత ఏమిటంటే, ఆటను తయారుచేసినవారు కూడా చివరికి ఒక బావిని తవ్వవలసి వచ్చింది. 2003లో ఆటకు చేసిన ఒక పెద్ద సవరణలో వారు కొత్త ఏర్పాటు తెచ్చారు. ఆటగాళ్ళు తమ సోజ్‌లను ఆటలోని వర్తకులకు అమ్మివేస్తే, ఎన్ని అమ్ముడయ్యాయో ఆ యంత్రం మీద ఆడుతున్న వారందరికీ తెర మీద కనబడుతుంది. ఆ లెక్క ఒక హద్దు చేరగానే మహా బలవంతుడైన ఒక శత్రువు ప్రత్యక్షమవుతాడు. అతనిని ఓడించినవారికి మరెక్కడా దొరకని ఒక తాయెత్తు లభిస్తుంది. ఆ తాయెత్తు కోసం ఆటగాళ్ళు తమ ఉంగరాలను పదులకొద్దీ వర్తకుల పాలు చేశారు. అలా వర్తకుడికి అమ్మిన ఉంగరం మళ్ళీ బజారులోకి రాదు. ఆశ చూపించి బావిలో వేయించారు. ఇమామ్‌గారు కోరినది మాత్రం ఆశ లేకుండా, అల్లాహ్ భయంతో వేయడం.

ఉంగరం పోయి రాళ్ళు వచ్చె

అదే సవరణతో ఆటలో మరొక మార్పు కూడా వచ్చింది. రూన్లు అనబడే చెక్కడపు రాళ్ళు మొత్తం 33 రకాలు. వాటిని నిర్ణీత వరుసలో ఒక ఆయుధంలోనో, కవచంలోనో పొదిగితే అద్భుతమైన బలం వస్తుంది. 2003 సవరణ ఇటువంటి కొత్త వరుసలను అనేకం చేర్చింది. దానితో పై తరగతి రూన్లకు గిరాకీ విపరీతంగా పెరిగింది. రూన్లకు మరొక సౌకర్యం కూడా ఉంది. తక్కువ రకం రాళ్ళు రెండో మూడో కలిపి, పై రకం రాయి ఒకటి చేసుకొనే విధానం ఆటలోనే ఉంది. చిల్లరను నోటుగా మార్చుకోవడం వంటిది. క్రమంగా సోజ్ సింహాసనం దిగిపోయింది, రూన్లు నాణేలయ్యాయి. బెర్ వాటిలో 30వది. దానికి పైన ఉన్నవి మూడే. అత్యంత కోరుకోబడే ఒక కవచానికి అది తప్పనిసరి కావడంతో పెద్ద నోటు వంటిదయింది.

మేనల్లుడు చేసిన పని ఇప్పుడు మాకు స్పష్టంగా అర్థమయింది. ‘ఒకప్పుడు అందరూ దీనితోనే కొనేవారు’ అన్న మాట అక్షరాలా నిజం. అయితే ఆ ‘ఒకప్పుడు’ గడిచిపోయిందని వాడు చెప్పలేదు. పాత గౌరవాన్ని చూపించి నేటి ధనాన్ని తీసుకున్నాడు.

బజారు చేరని బాటసారి

రెండు వారాల తరువాత మళ్ళీ వాడి గదిలో కూర్చున్నాము. ఈసారి మేము ఒక సంగతి చెప్పాము. మదీనాలో వర్తక బిడారులు వచ్చే రోజులలో కొందరు ఊరి బయటికి ఎదురేగి, బజారు ధర ఇంకా తెలియని ఆ బాటసారుల సరుకును దారిలోనే కొనేసేవారు. దైవప్రవక్త (స) దానిని నిషేధించారు. అలా ఎవరైనా కొన్నట్లయితే, సరుకు యజమాని బజారుకు చేరి ధర తెలుసుకున్న తరువాత ఆ బేరాన్ని నిలుపుకోవడమో, రద్దు చేసుకోవడమో అతని ఇష్టమన్నారు. సహీహ్ ముస్లింలో ఈ హదీసు ఉంది.

“దారిలో కొన్నవాడు అబద్ధమాడాడని అందులో ఎక్కడా లేదు బేటా. బాటసారి ఇష్టపూర్వకంగానే అమ్మి ఉంటాడు, కృతజ్ఞతలు కూడా చెప్పి ఉంటాడు. అయినా ఆ బేరం పూర్తయినట్టు కాలేదు. ఎందుకంటే అతను ఇంకా బజారుకు చేరలేదు” అన్నాము.

వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నాడు: “మామూ, నేను ఈ ఆట మొదలుపెట్టిన వారంలో నన్నూ ఇలాగే చేశారు. దొరికిన మంచి వస్తువును తెలియక ఇచ్చేశాను. తరువాత తెలిసి రాత్రంతా నిద్ర పట్టలేదు. అందరూ అలాగే నేర్చుకుంటారు. ఇతనూ నేర్చుకుంటాడు.”

వాడి మాటలో బాధ ఉంది, కొంత నిజమూ ఉంది. లాభం తీసుకోవడం తప్పు కాదు. ధర తెలిసి ఉండడం వర్తకుడి విద్య. తెలిసినవారు ఇద్దరు బేరమాడుకున్నప్పుడు ఒకరికి కొంచెం ఎక్కువ మిగిలితే ఎవరూ తప్పుపట్టరు. ధరలో ఎంత తేడా ఉంటే బేరం రద్దుకు అర్హమవుతుందన్న విషయంలో ఫిఖ్ పండితుల మధ్య భిన్నమైన వివరణలు ఉన్నాయి. అదంతా వాడికి చెప్పాము. చెప్పి, ఒక్కటి అడిగాము: “ఆ రోజు నీ చేతికి వచ్చింది ఖోటా నాణెం. దానిని నువ్వు బావిలో వేశావా, ఈ కొత్తవాడి చేతిలో పెట్టావా?”

వాడు తల వంచుకున్నాడు.

అప్పుడు వాడి నానా గురించి చెప్పాము. తాను వాడికి దుకాణంలో అత్తరు వాసన వేసే తాతగానే గుర్తు. మేము చూసినది వేరు. పండుగ రద్దీలో జనం ఎగబడుతున్నప్పుడు కూడా, తానులో ఎక్కడైనా మరక ఉంటే కత్తెర పెట్టకముందే ఆ చోటును వేలితో చూపించేవారు. ఒక రంజాను మాసంలో ఒక ముసలామె ఖరీదైన గుడ్డను చవక గుడ్డ అనుకొని పక్కన పెట్టి, చవకదానిని ఖరీదైనదనుకొని ఎక్కువ ధరకు అడిగింది. మేము చిన్నవాళ్ళం, సైగ చేశాము, ఊరుకోమని. ఆయన ఆ గుడ్డలు రెండింటినీ ఆమె చేతిలో పెట్టి, నేత తేడా తడిమి చూపించి, తరువాతనే ధర చెప్పారు. ఆమె చవకదే తీసుకొని వెళ్ళింది. రాత్రి దుకాణం మూసేటప్పుడు మాతో అన్నారు: ఆమెకు చూపు ఆనలేదు, నాకు ఆనింది, ఆ తేడాను అమ్ముకోకూడదు.

“నానాజాన్ మెచ్చుకునేవారన్నావు కదా” అన్నాము. అంతకంటే ఏమీ అనలేదు.

ఆటేనా?

‘ఇదంతా ఆటే కదా, ఇంత విచారణ ఎందుకు’ అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. మా మనవి ఇది. కత్తి బొమ్మది, కవచం బొమ్మది, ఉంగరం కూడా బొమ్మదే. కానీ ఆ పక్కన కూర్చున్నవాడు బొమ్మ కాదు. అతను ఏ దేశంలోనో, ఏ గదిలోనో, తన సెలవు రోజు గంటలు వెచ్చించి ఆ రాయిని సంపాదించుకున్న మనిషి. అతనికి కలిగే సంతోషం నిజం, రేపు అసలు ధర తెలిసినప్పుడు కలిగే వేదన నిజం. ఆటలో రాక్షసుణ్ణి చంపితే ఎవరికీ అన్యాయం జరగదు. ఆటలో మనిషిని మోసగిస్తే మనిషికే అన్యాయం జరుగుతుంది.

రెండవ మాట. 18 ఏళ్ళ వయసులో తెర మీద నేర్చుకున్న బేరం తెర మీదనే ఆగిపోదు. ఎదుటివాడి తెలియనితనాన్ని చూసి సంబరపడిన మనసు, రేపు పాత బండి అమ్మేటప్పుడు, ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడు, పొలం కొనేటప్పుడు అదే దారి తొక్కుతుంది. మంచి అలవాటు కూడా అలాగే పోతుంది.

తల్లిదండ్రులతో మా విన్నపం ఒకటి. పిల్లలు ఆటలు ఆడుతున్నప్పుడు మనం సాధారణంగా అడిగేది ఒకే ప్రశ్న: ఎంతసేపు ఆడతావు? అది అడగవలసిందే. దానితోపాటు మరికొన్ని అడగండి. ఆ ఆటలో నాణెం ఏది? దానిని ఎలా సంపాదిస్తారు, జూదంతోనా, శ్రమతోనా? ఎవరితో బేరం చేశావు? అతనికి ధర తెలుసా? అసలు డబ్బు ఎక్కడైనా చేతులు మారిందా? డయాబ్లో 2లో వస్తువులను నిజమైన డబ్బుకు అమ్ముకోవడాన్ని కంపెనీ నియమాలే ఒప్పుకోవు. అదే సంస్థ 2012లో వచ్చిన మూడవ భాగంలో తానే నిజమైన డబ్బుతో నడిచే వేలంశాలను తెరిచి, ఆటకే చేటు తెస్తున్నదని గ్రహించి 2014 మార్చిలో మూసివేసింది. ఇటువంటి సంగతులు తెలుసుకొని మాట్లాడితే పిల్లలు వింటారు. తెలియకుండా గద్దిస్తే తలుపు వేసుకుంటారు. మేము రెండు వారాలు శిష్యరికం చేసినది అందుకే.

పెట్టెలోని రాయి

ఈ వ్యాసం ముగించే ముందు మేనల్లుడికి ఫోను చేశాము. మా మాటలు జరిగిన రాత్రే వాడు ఆ అపరిచితుడి పేరు వెదికి, స్నేహితుల జాబితాలో చేరమని కోరుతూ కబురు పెట్టాడట. ‘నీ రాయి విలువ నేను చెప్పినదానికంటే చాలా ఎక్కువ. కావాలంటే వెనక్కి తీసుకో, లేదా తేడాకు సరిపడా వేరే వస్తువులు ఇస్తాను’ అని చెప్పాలని వాడి ఉద్దేశం. ఇప్పటివరకు జవాబు రాలేదు. ఆ మనిషి ఆట మానేశాడో, వేరే పేరుతో ఆడుతున్నాడో తెలియదు.

“మరి ఆ రాయి?” అని అడిగాము.

“పెట్టెలోనే ఉంది మామూ. దానితో ఆ కవచం చేసుకోవచ్చు, మిగిలిన రాళ్ళన్నీ కూడా చేతికి వచ్చేశాయి. కానీ అది నాది కాదు కదా. వచ్చేవరకు ఉంచుతాను.”

“అతను ఎప్పటికీ రాకపోతే?”

కొంచెంసేపు ఆగి అన్నాడు: “ఆటలోకి కొత్తగా వచ్చేవాళ్ళు రోజూ ఎవరో ఒకరు ఉంటారు. ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తాను. ధర చెప్పి మరీ ఇస్తాను.”

మా తండ్రిగారు బతికి ఉంటే ఈ బేరాన్ని మెచ్చుకునేవారు. మన పిల్లల చేతులకు వచ్చే ఖోటా నాణేలు మన పిల్లల దగ్గరే ఆగిపోయేలా, వారి తూకాలు ఎవరూ చూడని చోట కూడా సరిగ్గా ఉండేలా అల్లాహ్ అనుగ్రహించుగాక. ఆమీన్.